గుడ్లు తగ్గాయని గింజలు పెంచకండి

పెరటి కోళ్లు: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: మేత ఇంట్లో కలుపుకోవచ్చా? కలుపుకోవచ్చు. కాకపోతే ముందు ఒక త్రాసు కొనండి. చేటతో, డబ్బాతో కొలిస్తే తవుడు ఒక బరువు తూగుతుంది, నూకలు ఇంకో బరువు తూగుతాయి. మా ఇంట్లో కోళ్ల మేత తూచే పని మా ఆవిడది. నన్ను ఆ త్రాసు ముట్టుకోనివ్వదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లె. 12 గ్రామప్రియ పెట్టలున్నాయి. పగలంతా దొడ్లో తిరుగుతాయి. ఉదయం నూకలు, సాయంత్రం తవుడులో అన్నం కలిపి పెడుతున్నాం. మొదట్లో రోజుకు ఎనిమిది, తొమ్మిది గుడ్లు వచ్చేవి. ఇప్పుడు నాలుగు రావడమే గగనం. వాటిలోనూ పెంకు పలచనై, చేత్తో పట్టుకుంటే పగిలేవి ఉంటున్నాయి. నూకలు పెంచి చూశాం, లాభం లేదు. గుడ్ల కోళ్లకు అమ్మే లేయర్ మేత కొందామంటే 50 కిలోల బస్తాయే ఇస్తామంటున్నారు, అది అయ్యేలోపు బూజు పడుతుందని భయం. ఇంట్లో కలుపుకునే పద్ధతి చెప్పండి. – ఒక గృహిణి

జవాబు: అమ్మా, నూకలు పెంచడం ఆపండి. మీ పెట్టలకు కడుపు నిండుతూనే ఉంది, గుడ్డుకు కావలసిన సరుకే అందడం లేదు. ఒక గుడ్డులో 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు, దాని పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటాయి. నూకల్లో మాంసకృత్తులు నూటికి 8 పాళ్లే. కాల్షియం లేదన్నా తప్పు లేదు. అలాంటప్పుడు పెట్ట ముందు తన ఎముకల్లోంచి కాల్షియం తీసి పెంకు కడుతుంది. అదీ తరిగిపోయాక పెంకు పలచనవుతుంది, ఆ తర్వాత గుడ్డే మానేస్తుంది. ఎక్కువైన నూకలు కొవ్వుగా మారతాయి. ఇలాంటి పెట్టను కోసిన రోజు చూడండి, పొట్ట దగ్గర కొవ్వు చేతినిండా వస్తుంది.

‘మా అమ్మమ్మ నూకలే వేసేది, గుడ్లు రాలేదా’ అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆవిడవి నాటు పెట్టలు. ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టి, మధ్యలో పొదుగుకు కూర్చునేవి. అంత మాత్రానికి దొడ్లో దొరికే పురుగూ పుట్రా సరిపోయేది. గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం తయారుచేసిన రకం. మేత సరిగ్గా పడితే నాటు పెట్టకు మూడింతలు పెడుతుంది. మూడింతల గుడ్లు పెట్టేదానికి అమ్మమ్మ కోళ్ల మేత ఎలా చాలుతుంది?

10 కిలోలకు లెక్క రాసుకోండి. మొక్కజొన్న రవ్వ 5 కిలోలు, సోయా చెక్క (గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి) 2 కిలోల 300 గ్రాములు, తవుడు 1 కిలో 600 గ్రాములు, ఆల్చిప్పల పలుకులు గానీ సున్నపురాయి పలుకులు గానీ 900 గ్రాములు, డైకాల్షియం ఫాస్ఫేట్ 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. కోళ్లకు అమ్మే విటమిన్లు, ఖనిజ లవణాల పొడిని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేయండి. ఇందులో మాంసకృత్తులు నూటికి 16 నుంచి 17 పాళ్లు, కాల్షియం మూడున్నర పాళ్లకు కాస్త పైన వస్తాయి. గుడ్లు పెట్టే పెట్టకు కావలసింది అదే.

డైకాల్షియం ఫాస్ఫేట్‌ను కొట్లో డి.సి.పి. అంటారు. పశువుల మేతకు వాడే రకమే అడిగి తీసుకోండి. ఎరువుల కొట్టుకు వెళ్లి డి.ఏ.పి. తెచ్చేరు, అది చేనుకు వేసేది, కోళ్లకు కాదు.

మీ ఇంట్లో నూకలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి మొక్కజొన్నలో 2 కిలోలు తగ్గించి ఆ మేరకు నూకలు కలపండి. పచ్చసొన రంగు కొంచెం తగ్గుతుంది, అంతే. రోజూ గుప్పెడు తోటకూరో, ఎండబెట్టిన మునగాకో వేస్తే ఆ రంగు మళ్లీ వస్తుంది. మొక్కజొన్న మరలో ఆడించేటప్పుడు పిండి చేయొద్దని, రవ్వగా రావాలని ముందే చెప్పండి. మెత్తటి పిండి ముక్కుకు అంటుకుంటుంది, పెట్ట నీళ్లు తాగినప్పుడల్లా అది నీళ్లపాలవుతుంది. సాయంత్రం నీళ్ల గిన్నె అడుగున చూస్తే మీ డబ్బులు ఎక్కడికి పోతున్నాయో తెలుస్తుంది.

మీ వైపు చేపలకు కొదవ లేదు. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చిన్న చేపలు దొరికితే దంచి అర కిలో వేసి, సోయా చెక్క ఆ అర కిలో తగ్గించండి. అంతకు మించితే గుడ్డు నీచువాసన వస్తుంది. ఉప్పు చేప మాత్రం కోళ్ల దగ్గరికి రానివ్వకండి. ఉప్పు ఎక్కువైన కోడి నీళ్ల గిన్నె వదలదు, రెట్ట నీళ్లలా పోతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది.

కలపడంలోనే చాలామంది తొందరపడతారు. ఉప్పు, డి.సి.పి., విటమిన్ల పొడి కొద్దికొద్దిగా ఉండే సరుకులు. వాటిని నేరుగా కుప్ప మీద చల్లితే ఒక పెట్టకు ఉప్పంతా, ఇంకో పెట్టకు ఏమీ లేకుండా పోతుంది. ముందు ఒక బేసిన్‌లో కిలో తవుడు తీసుకుని ఈ పొడులన్నీ అందులో వేసి, ఉండలు చిదుముతూ చేత్తో బాగా కలపండి. టార్పాలిన్ మీద మొక్కజొన్న రవ్వ పరిచి, దాని మీద చెక్క, ఆల్చిప్పల పలుకులు, మిగిలిన తవుడు, చివర ఈ కలిపిన తవుడు వేయండి. పారతో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కుప్పను నాలుగైదుసార్లు తిరగేయండి. గుప్పెడు తీసి అరచేతిలో పరిస్తే ఎక్కడ తీసినా ఒకే రంగు కనపడాలి.

పగలంతా తిరిగే పెట్టకు ఈ మేత రోజుకు 60 గ్రాములు పెడితే చాలు. వేసవిలో దొడ్లో గడ్డీ పురుగూ లేనప్పుడు 80, 90 వరకు పెంచాలి. గూట్లోనే ఉంచి పెంచేవాళ్లయితే 110 గ్రాములకు తగ్గకూడదు. మీ 12 పెట్టలకు 10 కిలోలు సుమారు రెండు వారాలు వస్తాయి. అంతకంటే ఎక్కువ ఒకేసారి కలపొద్దు. మిల్లు నుంచి వచ్చిన తవుడులో నూనె ఉంటుంది, నిలవుంటే పాత నూనె వాసన వేస్తుంది, కోళ్లు ముక్కు తిప్పుకుంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మేత 60 గ్రాములే తింటే అందులోంచి వచ్చే కాల్షియం 2 గ్రాముల పైచిలుకే, తిన్నదంతా ఒంటికి పట్టదు కూడా. అందుకని ఆల్చిప్పల పలుకులు ఇంకొన్ని విడిగా ఒక మూకుడులో పోసి గూటి దగ్గర పెట్టండి. గుడ్డు పెంకు ఎక్కువ భాగం రాత్రిపూట తయారవుతుంది. పెట్టకు ఆ సంగతి తెలుసు, సాయంత్రం గూటికి వెళ్లే ముందు తనంతట తనే వెళ్లి కావలసినన్ని ఏరుకుంటుంది. పొడి కంటే జొన్న గింజంత పలుకులు మేలు. కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. పొడి అయితే చీకటి పడేలోపే వెళ్లిపోతుంది.

పాత మేత నుంచి కొత్తదానికి నాలుగైదు రోజుల్లో మెల్లగా మార్చండి. పెంకు తొందరగానే గట్టిపడుతుంది. గుడ్ల లెక్క పెరగడానికి రెండు మూడు వారాలు ఓపిక పట్టండి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. గానుగ నుంచి పల్లి చెక్క చౌకగా దొరికింది. వానకు కొంచెం తడిసి, అక్కడక్కడ పచ్చగా బూజు పట్టింది. నాలుగు రోజులు ఎండబెట్టి కోళ్లకు వేయొచ్చా? – ఒక రైతు

జవాబు: వద్దు. ఎండలో బూజు రాలిపోతుంది, అది వదిలిన విషం అక్కడే ఉంటుంది. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోయేది కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసపెట్టి చచ్చిపోతే మొదట ఏ రోగమో తెలియక దానికి ‘ఎక్స్’ అని పేరు పెట్టారు. చివరికి చూస్తే వాటి మేతలో కలిపిన బూజు పట్టిన వేరుశనగ చెక్కే కారణం. అఫ్లాటాక్సిన్‌ను కనిపెట్టింది ఆ దెబ్బతోనే. కోడికి ముందు కాలేయం పాడవుతుంది. గుడ్లు తగ్గుతాయి, ఏ చిన్న జబ్బు వచ్చినా తట్టుకోలేదు.

‘పోనీ గేదెకు వేస్తాను’ అనుకుంటారేమో. గేదె తింటే ఆ విషం పాలలోకి దిగుతుంది, ఆ పాలు తాగేది మీ పిల్లలే. ఎరువు గుంటలో వేసి, కోళ్లు కెలకకుండా పైన మట్టి కప్పండి.

కొత్తగా ఆడించిన, పొడిగా ఉన్న పల్లి చెక్క మంచి సరుకే. 10 కిలోల మేతలో ఒక కిలో వరకు సోయా చెక్క బదులు వేసుకోండి. నువ్వుల చెక్క దొరికితే, అదే మనం కూర వండుకునే తెలగపిండి, అర కిలో కలపండి. సోయాలో కొరత పడే మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం అందులో బాగా ఉంటుంది. పత్తి గింజల చెక్క మాత్రం గుడ్లు పెట్టే పెట్టలకు వద్దు. నిలవ ఉంచిన గుడ్డు పగలగొడితే పచ్చసొన ముదురాకుపచ్చగా కనిపించి ఇంట్లోవాళ్లు హడలిపోతారు.

ప్రశ్న: ఆదిలాబాద్ దగ్గర మా సొంత చేలో సోయా పండుతుంది. చెక్క కొనడం దేనికి, గింజలే ఆడించి వేస్తే పోదా?

జవాబు: పచ్చి గింజలు వేస్తే పోదు. పచ్చి సోయాలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది. వేడికి అది పోతుంది. ఇసుకలో వేయించండి, పొట్టు చిట్లి పచ్చివాసన పూర్తిగా పోవాలి. లేదా రాత్రి నానబెట్టి, అరగంట ఉడికించి ఎండబెట్టండి. గింజలో నూనె ఉంటుంది కాబట్టి చెక్కలో ఉన్నన్ని మాంసకృత్తులుండవు. పై లెక్కలో 2 కిలోల 300 గ్రాముల చెక్కకు బదులు 2 కిలోల 800 గ్రాముల గింజలు వేసి, మొక్కజొన్న అర కిలో తగ్గించండి.

ప్రశ్న: సార్, ఖమ్మం దగ్గర 30 కోళ్లతో మొదలుపెట్టాను. అజోల్లా అనే నీటి మొక్క పెంచితే మేత ఖర్చే ఉండదని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా? – డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, వీడియోలో చెప్పే ‘అజోల్లాలో 25 శాతం ప్రోటీన్’ అనేది ఎండబెట్టిన అజోల్లా లెక్క. తొట్టిలోంచి తీసిన పచ్చి అజోల్లాలో 93, 94 పాళ్లు నీళ్లే. కిలో పచ్చిది ఎండితే మిగిలేది 60 గ్రాములు, అందులో మాంసకృత్తులు 15 గ్రాములు. అదే 15 గ్రాములు నీకు 35 గ్రాముల సోయా చెక్కలో వస్తాయి, అంటే రెండు గుప్పెళ్లు కూడా కాదు. 30 కోళ్లకు మేతంతా అజోల్లాతోనే అంటే నీ ఊళ్లో చెరువు నీకే రాసివ్వాలి.

అలాగని తొట్టి తీసేయకు. పచ్చసొనకు రంగు వస్తుంది, కోళ్లకు ఆకు మేత అందుతుంది. కోడికి 20, 30 గ్రాములు, శుభ్రంగా కడిగి వెయ్యి. తొట్టిలో పేడ వేస్తాం కదా, కడగకపోతే మేతంతా ఆ వాసనే. దీన్ని కూర అనుకో, అన్నం అనుకోకు.

ప్రశ్న: తల్లి కోళ్లు, పిల్లలు ఒకే దొడ్లో ఉన్నాయి. అందరికీ ఒకే మేత వేయొచ్చా? – తెనాలి నుంచి

జవాబు: వేయకూడదు. పెట్టకు మేలు చేసే కాల్షియమే పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పైన చెప్పిన మేత గుడ్లకు వచ్చిన పెట్టలకే. పిల్లలకు ఆల్చిప్పల పలుకులు లేకుండా, సోయా చెక్క కాస్త ఎక్కువ వేసి విడిగా కలపండి. వెదురు గంపను ఇటుకల మీద ఎత్తి, దాని కింద పిల్లల మేత పెడితే పిల్లలు దూరతాయి, తల్లి దూరలేదు. మెట్ట ఊళ్లలో పాత కుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి చెదపుట్ట దగ్గర బోర్లించి, మర్నాడు ఆ చెదలు పిల్లలకు దులిపేవాళ్లు. అంతకు మించిన మాంసకృత్తులు ఏ కొట్లోనూ దొరకవు. వీలుంటే ఇప్పటికీ చేయండి.

ప్రశ్న: కోడిగుడ్డు పెంకులు కోళ్లకే వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయంటారు. నిజమా?

జవాబు: సగం పెంకు సగం పెంకులాగే వేస్తే నేర్చుకోవచ్చు. కడిగి, పెనం మీద వేడిచేసి, గుడ్డు ఆనవాలు లేకుండా నలిపి వేయండి. ఆల్చిప్పల్లో ఉన్నంత కాల్షియం దాంట్లోనూ ఉంది. కానీ ఇంట్లో వచ్చే పెంకులు అవసరంలో కొంత భాగమే తీరుస్తాయి, మూకుడు ఖాళీ చేయకండి.

ప్రశ్న: మేము లండన్ దగ్గర ఉంటున్నాం. తోటలో నాలుగు కోళ్లున్నాయి. మిగిలిన అన్నం, ఇడ్లీలు వేస్తుంటే పక్కింటాయన అది నేరమన్నారు. ఆటపట్టిస్తున్నారా?

జవాబు: ఆటపట్టించడం కాదమ్మా, అక్కడ చట్టమే అది. పాలు, గుడ్లు సహా జంతు సంబంధమైనదేదీ అడుగుపెట్టని వంటిల్లయితే తప్ప, ఇంటి వంటగదిలోంచి వచ్చిన ఏ మిగులూ కోళ్లకు వేయకూడదు. కూరగాయల తొక్కలూ అంతే. తోటలో కోసిన ఆకుకూర వంటింటి గడప దాటకుండా నేరుగా కోళ్లకు వేయొచ్చు. 2024 అక్టోబరు నుంచి ఒక్క కోడి ఉన్నా పేరు నమోదు చేయించుకోవాలి, అది చేశారో లేదో చూసుకోండి. అక్కడ చిన్న సంచుల్లో లేయర్ మేత దొరుకుతుంది, కలుపుకునే తంటా మీకెందుకు?

ప్రశ్న: మీరు చెప్పినట్టే మేత పెడుతున్నాను. అయినా నవంబరు నుంచి గుడ్లు ఆగిపోయాయి. దొడ్డి నిండా ఈకలే. ఏం కలపాలి? – విజయనగరం నుంచి

జవాబు: ఏమీ కలపొద్దు. ఈకలు రాల్చే కాలంలో పెట్ట గుడ్లు ఆపి ఒళ్లు కూడదీసుకుంటుంది. ఈకంతా మాంసకృత్తే, కాబట్టి గుడ్లు లేవని చెక్క తగ్గించకండి. కొత్త ఈకలు వచ్చాక కూడా గుడ్లకు రాకపోతే వెలుతురు చూడండి. ఆ నెలల్లో మనకు పగలు 11 గంటలే, పెట్టకు 14 గంటలు కావాలి. గూట్లో చిన్న బల్బు పెట్టి తెల్లవారుజామున నాలుగు గంటల లోపే వేయండి. సాయంత్రం వేసి ఒక్కసారిగా ఆర్పితే, చీకట్లో కర్ర ఎక్కలేక ఎక్కడివక్కడ నేల మీదే పడుకుంటాయి.