తడి తారును చూసి టైరు కొను

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "ఒరే, అది బండికి టైర్లు మార్చేస్తుందట, పెద్ద పెద్ద దిమ్మలున్నవి వేయిస్తుందట, శ్రావణంలో నన్ను ముంచంగిపుట్టు తీసుకెళ్తుందట" అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సగం రాత్రి సంతోషంతో, సగం రాత్రి భయంతో గడిచింది. నేను జీపు తోలిన ఆ ఘాట్ రోడ్డు మీద మన ఇంట్లోంచి ఇంకొకరు స్టీరింగు పట్టుకుంటారనీ, అది నువ్వే అవుతావనీ ఎప్పుడూ అనుకోలేదు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పాను. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోన్లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుతావు.

నాన్న పాఠాలు చెప్పిన బడి అమ్మకి చూపించాలన్న నీ ఆలోచన చాలా బాగుంది. బావ పోయాక అక్క నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. వెళ్ళండి. నేను వద్దంటున్నది ప్రయాణం కాదు, ఆ టైర్లు.

ముందు ఒక లెక్క వేసుకో. గాజువాక నుంచి అచ్యుతాపురం ఆఫీసుకి రానూ పోనూ రోజూ యాభై కిలోమీటర్లు. నెలకి పాతిక రోజులంటే 1,250. ఎప్పుడైనా ఒకసారి మన్యం వెళ్ళొస్తే మూడు వందలు, అందులోనూ పాడేరు దాకా తారు రోడ్డే. పైన రోడ్డు పనులు జరిగే చోట, ఊళ్ళలోకి చీలే ఎర్రమట్టి బాటల్లో, మహా అయితే పదిహేను కిలోమీటర్లు బురద తొక్కుతావు. అంటే నూటికి ఒక్క కిలోమీటరు. ఆ ఒక్క కిలోమీటరు కోసం మిగతా తొంభై తొమ్మిదీ చెవులు హోరెత్తిపోతూ, నడుం అదురుతూ తిరుగుతావా? నడుం సంగతి అలా ఉంచు. నా భయం వేరు.

టైర్లలో మూడు రకాలు. ఎచ్‌టీ అంటే రోడ్డుకి, ఎంటీ అంటే బురదకి, ఏటీ అంటే రెండింటికీ. నువ్వు ఫోటో పంపినవి ఎంటీ. నీకు కావలసింది ఏటీ, అందులోనూ రోడ్డు వైపు మొగ్గేది. షాపులో అపోలో ఆప్టెర్రా ఏటీ2 చూపిస్తారు, యోకోహామా జియోలాండర్ ఏటీ చూపిస్తారు, ఇంకా ఏవేవో చూపిస్తారు. పేరు తర్వాత చూడు, ముందు బటన్, అంటే టైరు మీద దిమ్మల అచ్చు చూడు. టైరు మధ్యలో దిమ్మలు దగ్గరదగ్గరగా, దాదాపు ఒక పట్టీలా ఉండాలి. వాటి మధ్య వేలు దూరేంత సందులుంటే అది బురద టైరు కిందే లెక్క. ఒక్కో దిమ్మ మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు ఉంటాయి, వాటిని లెక్కపెట్టు. తడి రోడ్డు మీద నీటిపొరను చీల్చి రోడ్డుని పట్టుకునేవి ఆ అంచులే. అంచుల దగ్గర దిమ్మలు అన్నీ ఒకే కొలతలో కాకుండా చిన్నా పెద్దా కలిసి ఉంటే మోత తక్కువ. ఒకే కొలత దిమ్మలు వరసగా రోడ్డుని కొడుతుంటే ఒకే శ్రుతిలో హోరు పుడుతుంది, కొలతలు మారితే ఆ హోరు చెదిరిపోతుంది.

ఆ చీలికల గురించి ఎందుకంత పట్టుబడుతున్నానో ఇప్పుడు చెబుతాను. ఈ మాట నేను ఇరవై ఏళ్ళకి పైగా ఎవరికీ చెప్పలేదు.

మన జీపు ఘాట్‌లో కాలవలో పడిన కథ నువ్వు చిన్నప్పటి నుంచీ విన్నావు. "మామయ్య జీపుకి బ్రేకు ఫెయిలైంది" అని మీ తాతయ్య చెప్పేవారు, మీ నాన్నా అదే చెప్పేవాడు. వాళ్ళకి తెలిసింది అంతే. బ్రేకు ఫెయిల్ కాలేదమ్మా.

1997లో నేను పాడేరు, హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు సంతలకి జీపు తిప్పేవాణ్ణి. వానాకాలం వస్తే ఎర్రమట్టి సబ్బులా అయిపోయేది. ఆ ఏడు ఆషాఢంలో పెదబయలు దాటాక జీపు దిగబడిపోయింది. పసుపు బస్తాలతో పాటు పద్నాలుగు మంది దిగి తోశారు. మర్నాడే విశాఖ వెళ్ళి, పాత సామాన్ల షాపులో మిలిటరీ బటన్ ఉన్న 6.00-16 టైర్లు నాలుగు కొన్నాను. రీబటన్ చేసినవి, అంటే అరిగిన టైరు మీద కొత్తగా దిమ్మలు వేసినవి. ఒక్కో దిమ్మ నా బొటనవేలంత ఎత్తు. మూడు వారాలు ఆ జీపు ఎక్కడా ఆగలేదు. మిగతా జీపులు ఆగిపోయిన చోట నాది ఎక్కేది. జనం నా జీపు కోసమే ఆగేవారు. తారు రోడ్డు మీద వంద అడుగుల అవతలికి మోత వినబడేది, అది కూడా నాకు గొప్పగానే ఉండేది.

శ్రావణంలో అక్కకి ఏడో నెల. తొలి కాన్పుకి పుట్టింటికి, చోడవరం తీసుకురావాలి. మీ నాన్నకి సెలవు దొరకలేదు. "నా జీపులో దింపేస్తాను బావా" అన్నాను. పొద్దున్న పాడేరులో మోదకొండమ్మకి దణ్ణం పెట్టుకుని బయలుదేరాం. అక్క ముందు సీట్లో కూర్చుంది. అప్పటికి నాలుగైదు రోజులుగా వాన లేదు, దుమ్ము పేరుకుని ఉంది. ఘాట్ దిగుతుండగా సన్నగా తుంపర మొదలైంది. కుంభవృష్టి కాదు, రోడ్డు నల్లగా మెరిసేంత మాత్రమే. పెద్ద వానకైతే దుమ్ము కొట్టుకుపోతుంది. తుంపరకి దుమ్మూ నూనే కలిసి జారుడు పొరవుతాయి. ఆ ముక్క నాకు అప్పుడు తెలియదు.

ఒక మలుపులో కింది నుంచి బస్సు వచ్చింది. ఎప్పటిలాగే బ్రేకు తొక్కాను. బ్రేకు బాగానే పట్టింది. చక్రాలు ఆగిపోయాయి. జీపు ఆగలేదు. స్టీరింగు కొండవైపు తిప్పితే జీపు తిరగడం లేదు, తిన్నగా బస్సు మీదికే జారుతోంది. మోత కూడా లేదు. అంత మోత చేసే టైర్లు ఆ నిమిషంలో ఏ చప్పుడూ లేకుండా జారాయి, దాన్ని నేను మర్చిపోలేను. భయంతోనో ఎందుకో కాలు బ్రేకు మీంచి తీసేశాను. చక్రం దొర్లడం మొదలయ్యాక స్టీరింగు పనిచేసింది. జీపు కొండవైపు కాలవలో పడి, గట్టుకి తగిలి ఆగింది. ముందు యాక్సిల్ వంగిపోయింది. అటువైపే లోయ ఉండుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణీ ఉండేవాణ్ణి కాను, చదివేదానివీ ఉండేదానివి కావు.

అక్కకి దెబ్బ తగల్లేదు. తనే దిగి, కల్వర్టు గోడ మీద కూర్చుని, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. నేను ఏమడిగినా పలకలేదు. బస్సులో వాళ్ళంతా దిగి చుట్టూ చేరారు, ఎవరో నీళ్ళిచ్చారు, తాగలేదు. అరగంట అలాగే ఉంది. తర్వాత నా వైపు చూసి, "కదిలిందిరా" అంది. ఇంకేమీ అనలేదు. నేను రోడ్డు మీద కూలబడి ఏడ్చాను.

పాడేరు వైపు వెళ్తున్న ఆ బస్సు డ్రైవరే, దిగే బస్సు ఇంకోటి వచ్చేదాకా తోడుండి అక్కని ఎక్కించాడు. ఎక్కే ముందు అక్క నా దగ్గరికొచ్చి, "ఇంట్లో బ్రేకు ఫెయిలైందని చెబుదాం" అంది. మిలిటరీ టైర్లే కారణమని ఎవరికీ తెలియనివ్వలేదు. కార్తీకంలో నువ్వు పుట్టావు.

మొన్న నువ్వు ఫోన్లో నవ్వుతూ, "అమ్మ సింహాచలం కొండ ఎక్కినా హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటుంది మామయ్యా, ఊరికే భయపడుతుంది" అన్నావు. ఊరికే కాదమ్మా. ఇంకెప్పుడూ అలా నవ్వకు.

ఆ టైర్లు ఎందుకు జారాయో తర్వాత చాలా ఏళ్ళు ఆలోచించాను, తెలిసినవాళ్ళని అడిగాను. పెద్ద సందులున్న దిమ్మల్లో రోడ్డుని తాకే రబ్బరు తక్కువ. ఉన్న రబ్బరు గట్టిది. దాని మీద చీలిక ఒక్కటీ లేదు. మెత్తటి మట్టిలో గోళ్ళలా దిగే దిమ్మ, గట్టి తారు మీద గోరులాగే జారిపోతుంది. నీ బండికి ఏబీఎస్ ఉంది. నేను తెలియక కాలు తీసిన పనిని అది సెకనుకి చాలాసార్లు తనే చేస్తుంది, స్టీరింగు నీ మాట వింటుంది. కానీ రబ్బరులో లేని పట్టుని ఏబీఎస్ తేలేదు. ఈనాటి ఎంటీ టైర్లు నా రీబటన్ వాటికంటే ఎంతో మేలు, కాదనను. అయినా తడి తారు మీద ఏటీకి సాటి రావు. బురదలో ఇరుక్కుంటే ఊళ్ళోవాళ్ళు తాడు తెచ్చి లాగుతారు, అక్కడి మనుషులు ఎంత మంచివాళ్ళో మీ అమ్మని అడుగు. తడి మలుపులో జారితే లాగడానికి ఎవరికీ టైముండదు.

ఇక సైజు. నీ బండికి కంపెనీ ఇచ్చింది 255/60 ఆర్18. నువ్వేమో 265/65 అంటున్నావట. 255 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 60 అంటే ఆ వెడల్పులో నూటికి అరవై వంతులు సైడ్‌వాల్ ఎత్తు, అంటే 153 మిల్లీమీటర్లు. 18 అంటే అంగుళాల్లో రిమ్ము కొలత. నువ్వు చెప్పిన సైజు వేస్తే మొత్తం చక్రం ఎత్తు 763 నుంచి 802 మిల్లీమీటర్లకి పెరుగుతుంది. అయిదు శాతం. స్పీడోమీటరు లెక్క తప్పుతుంది, పికప్ చస్తుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల రాసుకునే ప్రమాదం ఉంది, బ్రేకు మీద బరువు పెరుగుతుంది. మూడు శాతం దాటకూడదని పాత మెకానిక్కుల లెక్క. అంతగా కావాలంటే 265/60 దాకా వెళ్ళు, అది ఒకటిన్నర శాతమే. నన్నడిగితే కంపెనీ సైజే ఉంచు.

సైజు పక్కన అంకె, అక్షరం ఉంటాయి. అంకె బరువుకి: 108 అంటే ఒక్కో టైరు వెయ్యి కిలోలు మోస్తుంది. అక్షరం వేగానికి: ఎస్ అంటే 180, టీ అంటే 190, ఎచ్ అంటే 210. ఇప్పుడున్న టైరు మీది అంకె కన్నా కొత్తదాని అంకె తగ్గకూడదు. సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే వద్దను. అవి బరువులు మోసే బళ్ళకి, సైడ్‌వాల్ పొరలు మందంగా ఉంటాయి. రాళ్ళకి తేలిగ్గా తెగవు నిజమే, కానీ ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకి తెలుస్తుంది. అమ్మకి ఇప్పటికే నడుం నొప్పి. మూడు కొండల మధ్య మంచుపువ్వు గుర్తున్న టైరుకి డబ్బు ఎక్కువ అడిగితే ఇవ్వకు, అది మంచు కురిసే దేశాలకి. లంబసింగి పొగమంచుకి టైరుతో పని లేదు, ఫాగ్ లైట్లతో పని.

తయారైన తేదీ చూసుకో. 2325 అంటే 2025లో 23వ వారం. అయిదూ ఒకేరకం కొను, స్టెప్నీతో సహా. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో రెండు కొత్తవీ రెండు అరిగినవీ కలిపితే గేర్ల మీద భారం పడుతుంది. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అదే రోజు చేయించు. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించు. ఏటీ టైరు కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, మార్చకపోతే దిమ్మలు ఒక వైపే అరిగి మోత మొదలవుతుంది.

గాలి గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీద ఎంత ఉంటే అంతే, పొద్దున్న టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకో. దూరం నడిచాక వేడికి గాలి పెరిగినట్టు కనిపిస్తుంది, అది చూసి తీసేయకు. బాగా బురద వస్తే ఇరవై పీఎస్ఐ దాకా దించితే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. సగం మంది ఎంటీ టైర్లతో చేయాలనుకునే పని గాలి తగ్గిస్తేనే అయిపోతుంది. కానీ మళ్ళీ తారు ఎక్కే ముందు గాలి నింపాలి, తప్పదు. గాలి తక్కువున్న టైరు హైవే మీద వేడెక్కి పగులుతుంది. పన్నెండు వోల్టుల చిన్న కంప్రెసరు ఒకటి కొని బండిలో పడెయ్. డబ్బు నేనిస్తాను, వాదించకు.

కొత్త టైర్ల పైపొర మొదటి రెండు మూడు వందల కిలోమీటర్ల దాకా జిడ్డుగా ఉంటుంది. నేరుగా ఘాట్‌కి వెళ్ళకుండా ఒక వారం ఆఫీసుకి తిప్పు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకు, తక్కువ గేరులో దిగు. తుంపర పడితే పక్కకి ఆపి, పెద్ద వాన వచ్చి రోడ్డు కడిగేదాకా ఆగినా తప్పులేదు. ఆలస్యమైతే పాడేరులో పడుకోండి.

మీరు చోడవరం మీదుగానే కదా వెళ్ళేది. స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర ఆగండి, బండికి పూజ చేయిద్దాం. నేను వెనక సీట్లో కూర్చుంటాను, ముంచంగిపుట్టు దాకా ఒక్క మాట కూడా మాట్లాడను. అక్కని ముందు కూర్చోబెట్టు. హ్యాండిల్ పట్టుకుంటే పట్టుకోనీ. టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు నేను తెస్తాను.

మీ మామయ్య