మూడు కిలోవాట్లు ఎందుకండీ? ముందు ఫ్యాన్లు చూడండి

ప్రశ్న: మాది విశాఖ దగ్గర పెందుర్తి, సొంత ఇల్లు. నెలకు 350 యూనిట్ల దాకా కరెంటు కాలుతుంది. భూమి వేడెక్కిపోతోంది, మన వంతు ఏదైనా చేద్దామని డిగ్రీ చదివే మా అమ్మాయి రోజూ పోరు పెడుతోంది. 3 లక్షల ఎఫ్‌డీ తీసేసి 3 కిలోవాట్ల సోలార్ (1.90 లక్షలు అన్నారు), ఎలక్ట్రిక్ స్కూటర్ (1.20 లక్షలు) కొనేయమంటారా? ఇప్పటి స్కూటర్ కొని రెండేళ్లయింది. రోజుకు 25 కిలోమీటర్లు తిరుగుతాను.

జవాబు: అమ్మాయి మాట వినండి. ఎఫ్‌డీని మాత్రం విరగ్గొట్టకండి.

మొదట పైకి చూడండి. తిరుగుతున్నది పాత ఫ్యానైతే 75 వాట్లు తాగుతుంది. తక్కువ కరెంటు తినే మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. మన ఉక్కపోతకు నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగినా నెలకు 65 యూనిట్లు మిగులుతాయి. అవన్నీ మీ బిల్లులో 8.75 రూపాయల శ్లాబులోవి, అంటే నెలకు దాదాపు 570 రూపాయలు. ఫ్యాన్లకు పెట్టే 12 వేలు రెండేళ్ల లోపే తిరిగొస్తాయి.

ఇక మీ వాడకం 285 యూనిట్లు. 2 కిలోవాట్ల సోలార్ నెలకు సుమారు 240 ఇస్తుంది. వాడకం తగ్గితే యూనిట్ రేటూ తగ్గుతుంది కాబట్టి మిగిలే 45 యూనిట్లకు కరెంటు చార్జీ అటూఇటుగా 100 రూపాయలే. ఇప్పుడు చెప్పండి, మూడో కిలోవాట్ దేనికి? ఇళ్లపై సోలార్‌కు కేంద్రం సాయం చేసే పథకం పీఎం సూర్యఘర్‌లో 2 కిలోవాట్లకు సబ్సిడీ 60 వేలు, మూడింటికి 78 వేలు. మూడోదానికి అదనంగా 60 వేలు అడుగుతారు, సబ్సిడీ పెరిగేది 18 వేలే. 42 వేలు పెట్టి నెలకు వంద మిగుల్చుకోవడం ఏం లెక్క? అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, వాళ్లను అని లాభం లేదు. త్వరలో ఏసీ కొనే ఆలోచన ఉంటే అప్పుడు మాట వేరు.

2 కిలోవాట్లు 1.30 లక్షలకు వచ్చాయనుకుందాం. సబ్సిడీ పోను 70 వేలు, ఫ్యాన్లతో కలిపి 82 వేలు. నెలకు 2,000 ఆదా, అంటే మూడున్నరేళ్లలో పెట్టుబడి వచ్చేస్తుంది. చిక్కల్లా, సబ్సిడీ ముందు రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మీరు గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటునూ, వాడుకున్న కరెంటునూ లెక్కించేది) పెట్టాకే మీ ఖాతాలో పడుతుంది. ఆ కొన్నాళ్ల కోసం ఎఫ్‌డీని విరగ్గొట్టి పెనాల్టీ కట్టడం ఎందుకు? దాన్నే హామీగా పెట్టి బ్యాంకు అప్పు, అంటే ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. వడ్డీ మామూలుగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒక శాతం ఎక్కువ ఉంటుంది, అంతే. సబ్సిడీ రాగానే అందులో వేసేయండి.

స్కూటర్ ఇప్పుడొద్దు. మీకు నెలకు 14 లీటర్ల పెట్రోల్ పడుతుంది, దాంతో గాల్లో కలిసేది 33 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఎలక్ట్రిక్ బండి కాల్చే 20 యూనిట్లకూ ఓ 14 కిలోలు ఉంటాయి, ఎందుకంటే గ్రిడ్ కరెంటులో ఎక్కువ భాగం పరవాడ సింహాద్రి లాంటి బొగ్గు ప్లాంట్లదే. ఏడాదికి తగ్గేది 230 కిలోలు. అదే ఫ్యాన్లు, సోలార్ కలిస్తే రెండున్నర టన్నులు! ఈ లెక్క అమ్మాయికి చూపించండి. బండి ముసలిదయ్యాక ఎలక్ట్రిక్‌ది కొందురుగాని.

బిగించేవాళ్లను ఒకటి గట్టిగా అడగండి. విశాఖలో సముద్రం పక్కనే ఉండే లాసన్స్ బే కాలనీలో మా బావగారి మేడ మీద రెండేళ్లకే బోల్టులు తుప్పు పట్టి, రెంచి పెడితే పొడిగా రాలాయి. పెందుర్తి సముద్రానికి దూరమే అయినా హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) స్ట్రక్చర్, స్టెయిన్‌లెస్ బోల్టులే పెట్టమనండి. 2014 హుద్‌హుద్‌ తుపాను నాడు మా వాటర్ ట్యాంకు పక్క వీధిలో దొరికింది. ప్యానెళ్ల కింద కాంక్రీట్ దిమ్మెలు గట్టిగా ఉండాలి.

అన్నట్టు, ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌కు కలిపి, బ్యాటరీ లేకుండా నడిచే) సోలార్ ఉన్నా కరెంటు పోతే ఇంట్లో లైట్లు వెలగవు, లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అదీ ఆగిపోతుంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీని అమ్మేయకండి.