యాభై దాటాక ఆరోగ్య బీమా: రిటైరయ్యే దాకా ఆగవద్దు, షుగరు సంగతి దాచవద్దు

మీకు 54 ఏళ్లని, మీ శ్రీమతికి 51 అని, మీకు ఆరేళ్లుగా షుగరు ఉందని, కాలేజీ వారు ఇచ్చిన గ్రూపు బీమా ఇంకో నాలుగేళ్లలో ఉద్యోగంతోపాటే ముగిసిపోతుందని రాశారు. ప్రైవేటు పాలసీ ఇప్పుడే తీసుకోవాలా, రిటైరయ్యాక తీసుకుంటే చాలదా, షుగరు ఉన్న సంగతి రాస్తే పాలసీ ఇవ్వరేమో కదా అన్నవి మీ ప్రశ్నలు. నేను హన్మకొండలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. ఉద్యోగం లేనివాడిని కాబట్టి గ్రూపు బీమా ఏనాడూ లేదు. 2019లో, 52వ ఏట, బీపీ ఉన్న సంగతి రాసే సొంతంగా పాలసీ తీసుకున్నాను. ఏజెంటును కాను. ఏ కంపెనీ పేరూ చెప్పను, ఎందుకంటే మీరు ముందుగా తేల్చుకోవలసింది కంపెనీ పేరు కాదు.

ముందు మా పెద్దన్న సంగతి చెప్పాలి. ఆయన నర్సంపేటలో పత్తి వ్యాపారం చేసేవారు. 2016లో తెలిసిన ఏజెంటు ఒకరు దుకాణానికే వచ్చి పాలసీ రాయించారు. బీపీ గోళీలు వాడుతున్నానని అన్న చెప్పినా, "ఏం గాదు సేటూ, కంట్రోల్‌ల ఉన్నది గదా, అది రాస్తె కిస్తు పెరుగుతది" అని, ఫారంలోని ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ ఆయనే "లేదు" అని గీతలు పెట్టుకుంటూ పోయారు. అన్న చివరి పేజీలో సంతకం చేశారు, అంతే. 2018లో గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు, బిల్లు 3,40,000 రూపాయలైంది. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు డాక్టరు అడిగితే వదిన దాపరికం లేకుండా "ఎనిమిదేళ్ల నుంచి బీపీ ఉన్నది" అని చెప్పారు, అదే మాట కేసు షీటులోకీ, డిశ్చార్జి సమ్మరీలోకీ ఎక్కింది. బీమా కంపెనీ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని క్లెయిమ్ తిరస్కరించడమే కాక, వాస్తవాన్ని దాచారంటూ పాలసీనే రద్దు చేసింది. ఏజెంటు ఏం చెప్పాడన్నది ఎవరూ అడగలేదు, ఫారం మీద ఉన్నది అన్న సంతకం. స్టెంట్లు పడ్డ 60 ఏళ్ల మనిషికి ఆ తరువాత పాలసీ ఇవ్వడానికి రెండు కంపెనీలు నిరాకరించాయి. మూడోది ఎక్కువ ప్రీమియంతో, ప్రతి బిల్లులో ఐదో వంతు ఆయనే భరించాలన్న షరతుతో ఇచ్చింది.

అందుకే మీ మూడో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతున్నాను. షుగరు ఉందని రాయండి, ఏ సంవత్సరం నుంచి ఉందో, ఏ మందు ఎంత మోతాదులో వాడుతున్నారో కూడా రాయండి, చివరిసారి చేయించిన మూడు నెలల సగటు షుగరు పరీక్ష రిపోర్టు జతచేయండి. అదుపులో ఉన్న షుగరుకు చాలా కంపెనీలు పాలసీ ఇస్తున్నాయి. కొన్ని ప్రీమియం కొంత పెంచి ఇస్తాయి, ఒకటి కాదన్నా మరొకటి ఇవ్వవచ్చు. దరఖాస్తు దశలో కాదనిపించుకోవడం వల్ల పోయేది కొన్ని రోజుల సమయం మాత్రమే, క్లెయిమ్ దశలో కాదనిపించుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. ఫారం ఏజెంటు చేత నింపించవద్దు, ఆన్‌లైన్‌లో అయితే మీ పిల్లల చేత నింపించినా పక్కన కూర్చుని ప్రతి ప్రశ్న మీరే చదవండి.

ఇక ఇప్పుడా, రిటైరయ్యాకా అన్న ప్రశ్న. నా అభిప్రాయంలో మీ ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో నిర్ధారణ అయిన లేదా చికిత్స పొందిన జబ్బును "ముందే ఉన్న జబ్బు"గా లెక్కిస్తారు, దానికీ దాని వల్ల వచ్చే సమస్యలకీ కొంతకాలం డబ్బు ఇవ్వరు. ఆ వెయిటింగ్ పీరియడ్ నాకు నాలుగేళ్లు పడింది. 2024లో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించింది. ఇది కాక పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకు తప్ప దేనికీ ఇవ్వరు. కంటి శుక్లాలు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, మోకాలి మార్పిడి వంటి వాటికి, అవి పాలసీ తీసుకున్నాక కొత్తగా వచ్చినా సరే, చాలా పాలసీలలో రెండేళ్లు ఆగాలి. యాభై దాటిన వారికి ఎక్కువగా అవసరపడే ఆపరేషన్లు సరిగ్గా ఇవే అన్నది గమనించండి.

మీరు ఇప్పుడే పాలసీ తీసుకుంటే ఆ మూడేళ్లూ కాలేజీ బీమా నీడలోనే గడిచిపోతాయి. ఈ లోగా షుగరు వల్ల ఆసుపత్రి పాలైతే కాలేజీ పాలసీ ఆదుకుంటుంది, మీరు రిటైరయ్యే నాటికి సొంత పాలసీ పూర్తి బలంతో ఉంటుంది. రిటైరయ్యాక తీసుకుంటే 58 నుంచి 61 వరకు, అంటే జీతమూ ఆగి గ్రూపు బీమా కూడా పోయిన కాలంలో, షుగరుకు సంబంధించిన ప్రతి ఖర్చూ మీ చేతి మీదే పడుతుంది. నాలుగేళ్లు రెండు ప్రీమియంలు దండగ కదా అని మీకు అనిపించవచ్చు, నేను దాన్ని దండగ అనుకోను. పైగా 60 నెలలు ఎడతెగకుండా పాలసీ కొనసాగితే, మోసం అని రుజువు చేస్తే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిమును తిరస్కరించకూడదు. ఈ గడువు ఒకప్పుడు ఎనిమిదేళ్లు ఉండేది, అది కూడా 2024లోనే ఐదేళ్లకు తగ్గింది. ఆ గడియారం ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. అయితే ఇది దాచిపెట్టడానికి అనుమతి అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఐదేళ్లు గడవక ముందే గుండెపోటు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కాలేజీ గ్రూపు పాలసీ నుంచి బయటికి వచ్చేటప్పుడు అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలు ఉంటుందేమో కార్యాలయంలో అడిగి చూడండి. అలా మారితే గ్రూపులో గడిపిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో కలుపుకోవచ్చు. కాని మారే సమయంలో మీ ఆరోగ్యాన్ని కంపెనీ మళ్లీ పరిశీలించవచ్చు కనుక దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడమని నేను చెప్పను.

ఏ పాలసీ అన్నదానికి నా అనుభవం నుంచి ఒక లెక్క చెబుతాను, ఎందుకంటే ప్రకటనల్లో ఐదు లక్షలు, పది లక్షలు అని పెద్ద అక్షరాలతో కనిపించే మొత్తం కన్నా లోపలి షరతులే బిల్లు నాడు మాట్లాడతాయి. 2022లో నా భార్యకు పిత్తాశయం ఆపరేషన్ హన్మకొండలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. మా పాలసీ ఐదు లక్షలది, గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకు 5,000. ఆ రోజు ఖాళీగా ఉన్న గది 8,000 రూపాయలది. రోజుకు మూడు వేలు తేడా, నాలుగు రోజులకు పన్నెండు వేలే కదా అనుకుని చేరిపోయాం. డిశ్చార్జి రోజున తెలిసినదేమిటంటే, గది పరిమితి దాటితే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ వంటి ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ ఖర్చులు 1,20,000 అయితే కంపెనీ ఎనిమిదింట ఐదు వంతుల లెక్కన 75,000 మాత్రమే ఇచ్చింది. అక్కడ పోయిన 45,000, గది తేడా 12,000 కలిపి 57,000 రూపాయలు మా జేబు నుంచి పోయాయి. మందులకు, పరీక్షలకు, శరీరంలో అమర్చే పరికరాలకు ఈ కోత వర్తించదు, అది కొంత ఊరట. మీరు గది అద్దెకు పరిమితి లేని పాలసీ, లేదా కనీసం "సింగిల్ ప్రైవేటు రూమ్" అని మాటల్లో రాసి ఉన్న పాలసీ తీసుకోండి. ప్రీమియం కొంత ఎక్కువైనా ఇక్కడ వెనుకాడవద్దు.

రెండవది కో-పే, అంటే ప్రతి బిల్లులో మనం భరించవలసిన వంతు. కొన్ని పాలసీలలో వయసు 60 దాటాక చేరిన వారికి ఇది 20 శాతం దాకా ఉంటుంది. మన వరంగల్ వారు దీనికి సంబంధించి మరొక సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. కొన్ని కంపెనీలు దేశాన్ని జోన్లుగా విడదీసి, చిన్న నగరాల వారికి తక్కువ ప్రీమియం వేస్తాయి, కాని ఆ పాలసీతో పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మన మీద వేస్తాయి. మీ అమ్మాయి హైదరాబాదులో ఉందని, పెద్ద చికిత్స ఏదైనా అక్కడే చేయించుకుంటామని రాశారు. కాబట్టి హన్మకొండ చిరునామాతో చౌకగా వచ్చిందని సంతోషించే ముందు, హైదరాబాదులో చేరితే ఎంత కోత అన్నది పాలసీ పత్రంలోనే చూపించమని అడగండి.

ఆసుపత్రుల విషయంలో కంపెనీ వెబ్‌సైటులోని జాబితాను మాత్రమే నమ్మవద్దు. నేను పాలసీ మార్చే ఆలోచనలో ఉన్నప్పుడు హన్మకొండలో మేము వెళ్లే మూడు ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల దగ్గరికి వెళ్లి, ఏ కంపెనీ క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) అనుమతులు ఇక్కడ సాఫీగా వస్తున్నాయి, ఏ కంపెనీతో ఎక్కువగా పేచీ వస్తోంది అని అడిగాను. ఆ డెస్కు మీద కూర్చునే కుర్రవాళ్లకు తెలిసినంత మరెవరికీ తెలియదు. నిబంధన ప్రకారం క్యాష్‌లెస్ కోరిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఆచరణలో ఎవరు ఎలా ఉన్నారో అక్కడే తెలుస్తుంది.

మీ ఇద్దరికీ కలిపి ఒకే ఫ్లోటర్ పాలసీయా, వేరువేరుగానా అంటే, నేను వేరువేరు వైపే మొగ్గుతాను. ఫ్లోటరులో ప్రీమియం పెద్దవారి వయసును బట్టి ఉంటుంది, ఒకరి పెద్ద చికిత్సతో మొత్తం కరిగిపోతే రెండోవారికి ఆ సంవత్సరం మిగిలేది తక్కువ. చెరో ఐదు లక్షల పాలసీ తీసుకుని, దాని మీద, ఆ ఐదు లక్షలు దాటిన ఖర్చును భరించే ఇరవై లక్షల సూపర్ టాప్-అప్ వేసుకుంటే, ఒకేసారి పాతిక లక్షల పాలసీ తీసుకోవడం కన్నా సాధారణంగా చౌకగా వస్తుంది. "సూపర్" అన్న మాట ఉందో లేదో చూడండి. మామూలు టాప్-అప్‌లో ప్రతి ఆసుపత్రి బిల్లూ విడిగా ఐదు లక్షలు దాటాలి, సూపర్ టాప్-అప్‌లో సంవత్సరంలోని బిల్లులన్నీ కలిపి దాటితే చాలు.

ఖర్చు సంగతికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అది నిజంగా పెద్ద ఊరట. అరవై దాటిన వారి ప్రీమియంను ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమతో సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి ఈ ప్రీమియం మీద పన్ను మినహాయింపు కూడా ఉంది.

మీ అమ్మగారికి 76 ఏళ్లని రాశారు. ఆమెకు ప్రైవేటు పాలసీ కోసం తిరిగే ముందు ప్రభుత్వ పథకాలు చూడండి. డెబ్బై దాటిన వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఐదు లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ విస్తరణను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ఆమె మీ తమ్ముడి రేషన్ కార్డులో ఉంటే ఆరోగ్యశ్రీ కూడా వర్తించవచ్చు, దాని పరిమితిని రాష్ట్రం 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచింది. ఏది ఎక్కడ పనిచేస్తుందో ఈ పథకాల కింద చికిత్స చేసే ఆసుపత్రిలో సాయానికి ఉండే ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

మా అన్న చేసిన మరొక పొరపాటు మీకు ఎన్నడూ అవసరపడకూడదని కోరుకుంటూనే చెబుతున్నాను. క్లెయిమ్ తిరస్కరించిన తరువాత ఆయన ఏజెంటు చుట్టూ తిరుగుతూ ఏడాదికి పైగా గడిపేశారు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి ఏడాది లోపు వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. ఆయనకు ఈ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది.

పాలసీ చేతికి వచ్చాక చదివి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయడానికి ఇప్పుడు 30 రోజుల గడువు ఉంది. మా పాలసీకి అప్పట్లో 15 రోజులే ఉండేది. నేను, నా భార్య రెండు సాయంత్రాలు ప్రెస్సు మూశాక కూర్చుని మొత్తం చదివాం. ఆమె పుట్టిన తేదీ తప్పుగా పడింది. నేను ఫారంలో స్పష్టంగా రాసిన బీపీ సంగతి పాలసీ పత్రంలో ఎక్కడా లేదు. ఆ రాత్రే కంపెనీకి ఈమెయిల్ రాసి, ఫారం నకలు జతచేసి, రెండూ సరిచేయించాను. తొమ్మిది రోజులకు బీపీని నమోదు చేసిన సవరణ పత్రం వచ్చింది, దాన్ని పాలసీకి కుట్టి బీరువాలో పెట్టాను.