కర్ర కంటే ముందు నీరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్న గాలపు కర్ర ఫోటో అత్తయ్య చూపించింది. రీలు బాగుంది. దాని ధర మాత్రం మా చెల్లికి చెప్పకు. సంక్రాంతికి అంతర్వేది వచ్చి పండుగప్ప చేపను పడతానన్నావు కాబట్టి నీటి సంగతి రాస్తున్నాను. ఇన్నేళ్లుగా నన్ను ఆ గట్టుకు రప్పించేది చేప ఒక్కటే కాదు, ఆ నీరు.

గోదావరి వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నీరు రోజుకు నాలుగుసార్లు దిక్కు మార్చుకుంటుంది. పోటుకు సముద్రం నదిలోకి ఎక్కుతుంది, పాటుకు నది సముద్రంలోకి దిగుతుంది. ఒక్కొక్కటి ఇంచుమించు ఆరు గంటలు. మర్నాడు అదే పోటు కాస్త ఆలస్యంగా వస్తుంది. తిథికి రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు, కలుపుకుంటూ పోతే లెక్క పెద్దగా తప్పదు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులు నీరు ఉరవడిగా ఉంటుంది. అష్టమి దాటాక మందగిస్తుంది. ఆ రోజుల్లో గాలం వేయడమంటే గట్టు మీద కూర్చుని పల్లీలు తినడమే.

పాటు మొదలైన తొలి గంటను వదులుకోకు. మడచెట్ల మధ్య దాక్కున్న రొయ్యలూ చిన్న చేపలూ నీటితోపాటు కాలువల్లోంచి బయటికి రాక తప్పదు. ఆ కాలువ నోటి దగ్గర పండుగప్ప కాపు కాసి ఉంటుంది. ఎరను అక్కడ వెయ్యి, నడి పాయలోకి కాదు. దూరం విసరడం చూసేవాళ్ల కోసం. అన్నట్టు, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల అభయారణ్యం లోపల గాలం మాటే ఎత్తకు.

వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు నువ్వు రానవసరం లేదు. అది పులస కాలం. పులస నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తినే చేప, దానికి వలే కావాలి. పులస కోసం గాలం వేసేవాడిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

పండుగప్ప చెంప డొప్ప, అంటే మొప్పల మీది మూత, అంచు కత్తిలా ఉంటుంది. అది గాలి లోకి ఎగిరి తల విదిలిస్తే సన్నదారం పుటుక్కున తెగుతుంది. అందుకే గాలం దగ్గర ఓ రెండు మూరలు మందమైన నైలాన్ దారం కట్టు. అది ఎగరబోతే కర్ర కొనను నీటి వైపు వంచు, దారం మాత్రం వదులు కానివ్వకు.

ఇక నీకు నచ్చని మాట. పెద్దది పడితే వదిలెయ్యాలి. పండుగప్ప మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారుతుంది. మీటరు దాటిన చేప దాదాపుగా ఆడదే, లక్షల గుడ్లు పెట్టేది. పులుసుకు రెండు కిలోలది చాలు. చేతులు తడిపి పట్టుకో, దవడ పట్టి వేలాడదీయకు, తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి అది తనంతట తాను కదిలేదాకా ఆగు. ఫోటో ఒక్కటి చాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. గట్టు మీద గాలం వేసేవాడిని ఎవరూ అడగరు గానీ, ఆ 61 రోజులు నా కర్ర అటక మీదే ఉంటుంది.

జెల్ల చేప పడితే చేత్తో పట్టుకోకు. వీపు మీద ఒకటి, పక్కలకు రెండు ముళ్లుంటాయి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చేతిని ముంచి ఉంచు, ఆ విషం వేడికి విరుగుతుంది. ముల్లు విరిగి లోపలే ఉంటే ఆసుపత్రికి పోవాల్సిందే.

పడవ ఎక్కుతానంటే, నది సముద్రంలో కలిసే మొగ దాటే విషయంలో పడవ నడిపే సరంగు మాటే వినాలి. పాటు బయటికి లాగుతూ గాలి లోపలికి తోస్తుంటే ఇసుక తిప్పల మీద అలలు నిలువుగా లేస్తాయి. 1996 నవంబరు 6 తుపానును చూసిన ఈ తీరంలో హెచ్చరిక వచ్చాక పడవ దించమని అడగడం సిగ్గుమాలిన పని. తీర రక్షక దళం నంబరు 1554, ఫోనులో రాసి పెట్టుకో.

టికెట్టు తీసుకునే ముందు పంచాంగం చూడు. పండుగ అష్టమి దగ్గర పడితే ఇంకో వారం సెలవు అడుగు. నర్సాపురంలో రైలు దిగి గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కు, అవతలి రేవులో నేనుంటాను. ఎరకు బతికున్న కొయ్యింగ చేపలు నేను తెప్పిస్తాను. ఆ ప్లాస్టిక్ ఎరలు హైదరాబాదులోనే వదిలి రా.

మీ మామయ్య