ఇంటర్ ఎంపీసీ తర్వాత డిజిటల్ ఫోరెన్సిక్స్ డిగ్రీ: ఎలా ఎంచుకోవాలి?

డిజిటల్ ఫోరెన్సిక్స్ అంటే కంప్యూటర్లు, ఫోన్ల లాంటి వాటి నుంచి కోర్టుకు పనికొచ్చే ఆధారాలు వెలికితీయడం. కోర్సు పేరులో "ఫోరెన్సిక్స్" ఉన్నంత మాత్రాన చేరిపోకండి. నా సలహా అయితే మొదట బీటెక్ కంప్యూటర్ సైన్స్ లేదా బీఎస్సీ కంప్యూటర్స్ చేసి, పీజీలో స్పెషలైజ్ అవ్వండి, ఎందుకంటే ఫైల్ సిస్టమ్స్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు), ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కింగ్ గట్టిగా రాకపోతే డిలీట్ చేసిన ఫైలు డిస్క్‌లో ఎక్కడ మిగిలి ఉంటుందో, ఎందుకు ఒక్కోసారి తిరిగి రాదో అర్థం కాదు. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ డిజిటల్ ఫోరెన్సిక్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఉంది, 2020 చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ అది.

మరి ప్రైవేటు కాలేజీ అయితే? సిలబస్ తెప్పించుకుని చూడండి. ల్యాబ్‌లో రైట్ బ్లాకర్లు (డిస్క్‌లో ఏమీ మారకుండా చదవనిచ్చే పరికరాలు) ఉన్నాయా, విద్యార్థులు సొంతంగా డిస్క్ ఇమేజ్ (డిస్క్‌కు అచ్చుగుద్దిన నకలు) తీసి, నకలు మారలేదని చూపే హాష్ విలువ సరిచూస్తారా అని సీనియర్లనే అడగండి. చట్టం పేపర్ కూడా ఉండాలి, ఇది చాలామంది పట్టించుకోరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాధారాల చట్టం) లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ సరిగా లేకపోతే మీరు కష్టపడి తీసిన ఆధారం కోర్టులో నిలబడదు. ఫీజు కట్టేముందు డిస్క్ ఇమేజ్‌లో ఫైళ్లను వెతికిపెట్టే ఆటోప్సీ అనే ఉచిత టూల్ దింపుకుని పాత పెన్‌డ్రైవ్ ఇమేజ్ మీద ప్రయత్నించండి, గంటల తరబడి ఓపిగ్గా వెతకడం మీకు నచ్చుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.