ఈఆర్‌పీ ఎవరి నెత్తిన?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఆటో విడిభాగాల కంపెనీ. రెండు ప్లాంట్లు, నాలుగు వందల మంది. ఇన్నాళ్ళూ టాలీ, ఎక్సెల్‌తో నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఈఆర్‌పీ (అన్ని విభాగాల పనినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెడుతున్నాం. ఎండీ గారు భారమంతా ఐటీ మేనేజర్‌నైన నా మీద పెట్టారు. సాఫ్ట్‌వేర్ పెట్టే వెండర్ తరఫున తొమ్మిది మంది దిగారు. మా వైపు టీం ఎలా కట్టుకోవాలి?

జవాబు: ముందు మీ పని ఎంతవరకో ఎండీ గారితో తేల్చుకోండి. నెట్‌వర్క్, లాగిన్‌లు, ప్రింటర్లు, పాత సాఫ్ట్‌వేర్ నుంచి డేటా తీసివ్వడం మీవి. కొనుగోలు ఆర్డర్ ఎంత దాటితే ఎవరు ఆమోదించాలి, రిజెక్ట్ అయిన సరుకు పుస్తకాల్లో ఎక్కడ కూర్చోవాలి లాంటివి మీరు తేల్చేవి కావు. తేల్చినా రేపు ఆ విభాగం వాళ్ళు ‘మమ్మల్ని ఎవరడిగారు’ అంటారు.

మీ సైజు కంపెనీకి ఇలా సరిపోతుంది. పైన స్పాన్సర్ (చివరి మాట చెప్పే మనిషి) ఒక్కరే, అది ఎండీ గారే కావాలి. ఆయన కింద అకౌంట్స్, కొనుగోళ్ళు–స్టోర్స్, ప్రొడక్షన్, క్వాలిటీ, సేల్స్–డిస్పాచ్ విభాగాలకు ఐదుగురు ప్రాసెస్ ఓనర్లు. వీళ్ళు ఆ విభాగాల హెడ్‌లే, నిర్ణయం వీళ్ళది. వాళ్ళ కింద కోర్ యూజర్లు (విభాగం తరఫున కన్సల్టెంట్లతో కూర్చుని పని చేసేవాళ్ళు) ఏడుగురు: విభాగానికి ఒకరు, కొనుగోళ్ళు–స్టోర్స్‌కూ ప్రొడక్షన్‌కూ మాత్రం ప్లాంటుకొకరు. వెండర్ వైపు ఒక ప్రాజెక్ట్ మేనేజర్ ఉంటారు కదా, మీ వైపూ ఒకరుండాలి. అది మీరే కానక్కర్లేదు. ప్లానింగ్‌లో పదేళ్ళు చేసి అన్ని విభాగాల గొడవలూ తెలిసిన మనిషి దొరికితే ఇంకా మంచిది.

కోర్ యూజర్‌గా ఎవర్ని ఇస్తారనే దగ్గరే సగం ప్రాజెక్టు తేలిపోతుంది. ఖాళీగా ఉన్నవాళ్ళను ఇస్తారు. కావలసింది మాత్రం ఒక్క రోజు సెలవు పెడితే విభాగం ఆగిపోయే మనిషి. డిజైన్ నడిచే నెలల్లో ఆ మనిషికి రోజులో సగం ప్రాజెక్టుకే పోతుంది. డేటా, టెస్టింగ్ నెలల్లో స్టోర్స్, అకౌంట్స్ వాళ్ళకు రోజంతా సరిపోదు. వాళ్ళ కుర్చీలో కూర్చోవడానికి తాత్కాలికంగా ఇంకొకరిని పెట్టండి, ఆ జీతం ప్రాజెక్టు బడ్జెట్‌లోనే రాయండి. లైసెన్సులకూ కన్సల్టెంట్లకూ లెక్క వేసి దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

నిర్ణయాలకు గడువు పెట్టండి. కోర్ యూజర్, కన్సల్టెంట్ మధ్య రెండు రోజుల్లో తేలనిది ప్రాసెస్ ఓనర్ దగ్గరికి, అక్కడ మూడు రోజుల్లో తేలనిది ఎండీ గారి దగ్గరికి. ఎండీ గారు, ప్రాసెస్ ఓనర్లు రెండు వారాలకోసారి కూర్చునే స్టీరింగ్ కమిటీలో ముందు ఆగిపోయిన నిర్ణయాల పట్టిక చూడండి, స్లైడ్‌లు తర్వాత.

ఒక విభాగంలో ఒదగని పనుల్ని ఇప్పుడే ఏరి పెట్టుకోండి. జాబ్ వర్క్ (మన సరుకు మీద బయటివాళ్ళ చేత చేయించే పని) తీసుకోండి. 500 షాఫ్టులు హీట్ ట్రీట్‌మెంట్‌కు బయటికి పంపారు. చలాన్ స్టోర్స్ రాస్తుంది. రేటు కొనుగోళ్ళ వాళ్ళు మాట్లాడతారు. తిరిగొచ్చాక హార్డ్‌నెస్ క్వాలిటీ చూస్తుంది. బిల్లు అకౌంట్స్‌కు వెళ్తుంది. వచ్చినవి 488. మిగతా పన్నెండు జాబ్‌వర్కర్ దగ్గరున్నాయా, తుక్కయ్యాయా? నలుగురూ పక్కవాళ్ళను చూస్తారు. జీఎస్టీ చట్టం సెక్షన్ 143 ప్రకారం అలా పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. కాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను పడుతుంది. జాబ్ వర్క్ వివరాలిచ్చే ఐటీసీ-04 అనే జీఎస్టీ ఫారంలోనూ ఆ లెక్క చూపాలి. కాబట్టి జాబ్ వర్క్‌కు ఓనర్ కొనుగోళ్ళ హెడ్ అని ఒక్క పేరు రాసేయండి, మిగతా ముగ్గురూ ఆయనకు సమాచారం ఇచ్చేవాళ్ళు. కస్టమర్ వెనక్కి పంపిన సరుకుకీ, డ్రాయింగ్ మారినప్పుడు బీఓఎం (ఒక వస్తువుకు ఏ భాగాలు ఎన్ని కావాలో చెప్పే జాబితా) మార్చడానికీ ఇలాగే చెరొక పేరు కావాలి. రెండు పేర్లు రాశారంటే ఎవరూ లేనట్టే.

ప్రశ్న: చెన్నై దగ్గర ఒరగడంలో స్టోర్స్ ఇన్‌చార్జిగా చేస్తున్నాను. కోర్ యూజర్‌గా నా పేరు వేశారు. కన్సల్టెంట్ గారు కొత్త ఈఆర్‌పీలో పని ఎలా నడుస్తుందో రాసిన 120 పేజీల డాక్యుమెంట్ పంపి శుక్రవారంలోగా సంతకం పెట్టమంటున్నారు. మేం రోజూ చేసే పని అందులో ఉందో లేదో తెలియడం లేదు. పెట్టనా?

జవాబు: ఇప్పుడే పెట్టకండమ్మా. ఆ సంతకం తర్వాత మీరు ఏది అడిగినా చేంజ్ రిక్వెస్ట్ అవుతుంది, దానికి వేరే బిల్లు వస్తుంది. కన్సల్టెంట్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు, ఆయన గడువు ఆయనది.

పోయిన నెల ఫైల్లోంచి తలనొప్పి తెచ్చిన మూడు జీఆర్‌ఎన్‌లు (సరుకు అందినట్టు రాసే చీటీలు) తీయండి. ఆర్డర్ కంటే తక్కువ సరుకు వచ్చినది ఒకటి, సరుకు కంటే ముందే బిల్లు వచ్చినది ఒకటి, రిజెక్ట్ చేసి డెబిట్ నోట్‌తో వెనక్కి పంపినది ఒకటి. కన్సల్టెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడూ అవే నంబర్లతో, అవే ఐటెమ్‌లతో టెస్ట్ సిస్టమ్‌లో నడిపించమనండి. గంటన్నర చాలు. ఒదగనిది కనబడితే గ్యాప్ లిస్టులో (సిస్టమ్‌లో ఒదగని పనుల జాబితా) నంబర్ వేసి, ఎవరు తేల్చాలి, ఏ తేదీకి అని రాయించి, ఆ లిస్టును డాక్యుమెంట్‌కు జత చేశాక సంతకం పెట్టండి. మీ ప్రాసెస్ ఓనర్ సంతకం మీ కింద ఉండాలి. ఒంటరిగా మీదొక్కటే ఉండకూడదు.

పాత ఎక్సెల్ షీట్ ఎలా ఉందో అచ్చు అలాగే స్క్రీన్ కావాలని మాత్రం పట్టుబట్టకండి. అలా రాయించుకున్న ప్రతి ప్రోగ్రామూ తర్వాత అప్‌గ్రేడ్ వచ్చినప్పుడల్లా మళ్ళీ సరిచూసుకోవాల్సిన బరువు.

ప్రశ్న: మాస్టర్ డేటా (ఐటెమ్‌లు, సప్లయర్లు, కస్టమర్ల మూల జాబితాలు) శుభ్రం చేయడం కంపెనీ పనని వెండర్ అంటున్నాడు, వెండర్ పనని మా ఐటీ అంటోంది. ఎవరిది? – గిండి నుంచి ఒక పాఠకుడు

జవాబు: టెంప్లేట్ ఇవ్వడం, అప్‌లోడ్ చేయడం వెండర్ పని. పాత సిస్టమ్ నుంచి తీసివ్వడం ఐటీ పని. శుభ్రం చేయడం, ఎక్కించాక సరిచూసి సంతకం పెట్టడం మాత్రం ఆ వస్తువు ముఖం తెలిసిన విభాగానిది.

స్టోర్స్ లిస్టులో ‘బేరింగ్ 6204’, ‘6204 జెడ్‌జెడ్’, ‘బేరింగ్ 6204 2ఆర్ఎస్’ అని మూడు లైన్లున్నాయనుకోండి. మూడింటికీ లోపలి వ్యాసం 20 మి.మీ., బయటి వ్యాసం 47, మందం 14. ఐటీ కుర్రాడు చూస్తే డూప్లికేట్లని కలిపేస్తాడు. జెడ్‌జెడ్‌కు రెండు వైపులా రేకు మూత, 2ఆర్ఎస్‌కు రబ్బరు సీలు. నీళ్ళు, కూలెంట్ తగిలే చోట రేకు మూతది పెడితే ఎన్నాళ్ళో ఆగదు. ఆ తేడా స్టోర్స్, మెయింటెనెన్స్ వాళ్ళకే తెలుసు.

కొలతల యూనిట్లు ఇంకా ప్రమాదం. స్టీలు రౌండ్ బార్ కిలోల్లో కొంటారు, షాప్‌కు మీటర్లలోనో ముక్కల్లోనో ఇస్తారు. 25 మి.మీ. బార్ మీటరుకు సుమారు 3.85 కిలోలు (వ్యాసాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే వచ్చేది). ఈ మార్పిడి అంకె మాస్టర్‌లో తప్పు పడితే, ఇష్యూ చేసిన ప్రతిసారీ స్టాక్ కొంచెం కొంచెం జారి, నెలాఖరుకు మైనస్‌లో కనబడుతుంది. తప్పు ఎక్కడో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. కనీసం మూడుసార్లు ట్రయల్ లోడ్ చేయండి. ప్రతిసారీ విభాగం వాళ్ళు విలువ ఎక్కువున్న వంద ఐటెమ్‌లనూ, ఏదో ఒక యాభైనీ చేత్తో సరిచూడాలి.

ప్రశ్న: గో-లైవ్ (కొత్త ఈఆర్‌పీలో అసలు పని మొదలయ్యే రోజు) ఏప్రిల్ 1న పెట్టాలని అకౌంట్స్ పట్టుబడుతోంది. సరైనదేనా? ఆ రోజు ‘సరే, మొదలుపెట్టండి’ అనాల్సింది ఎవరు?

జవాబు: కొత్త ఏడాది, కొత్త పుస్తకం అని అందరికీ మోజు. కానీ మార్చి నెలాఖరు, ఆడిట్, ఓపెనింగ్ బ్యాలెన్సులు అన్నీ ఆ నలుగురు అకౌంట్స్ మనుషుల మీదే పడతాయి. మా ఓటు జూలై 1కి. ఏడాది మధ్యలో మారితే ఇన్వాయిస్ నంబర్లకు వేరే సిరీస్ పెట్టుకోవచ్చు. నంబర్ 16 అక్షరాలు దాటకుండా, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకుండా ఉంటే నిబంధన ఒప్పుకుంటుంది. టర్నోవర్ 5 కోట్లు దాటిన కంపెనీ అయితే ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, కాబట్టి మొదటి రోజు మొదటి బిల్లుకు ఐఆర్ఎన్ (ఈ-ఇన్వాయిస్ పోర్టల్ బిల్లుకిచ్చే నంబర్), క్యూఆర్ కోడ్ వచ్చాయా అని చూసే మనిషి పేరు ముందే రాసి ఉండాలి.

డిసెంబర్ మొదటి వారం మాత్రం వద్దు. 2015లో, 2023లో ఆ రోజుల్లోనే చెన్నై నీళ్ళలో ఉంది. పొంగల్ సెలవుల్లో స్టాక్ లెక్కపెడదామనుకుంటే మీ తెలుగువాళ్ళు సంక్రాంతికి నెల్లూరు, చిత్తూరు బస్సులెక్కేస్తారని గుర్తుంచుకుని నవంబర్‌లోనే పేర్లు ఖాయం చేసుకోండి.

‘సరే’ అనాల్సింది స్పాన్సర్. అయితే ఐదుగురు ప్రాసెస్ ఓనర్లూ ‘నా విభాగం సిద్ధం’ అని రాసిచ్చాకే. ఒక్కరు రాయకపోయినా తేదీ వాయిదా పడాలి. అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ 1999లో మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లను ఒక్కసారే, హాలోవీన్ సీజన్‌కు సరిగ్గా ముందు దించి, గోడౌన్‌లో సరుకుండి కూడా ఆర్డర్లు పంపలేకపోయింది.

ప్రశ్న: షాప్ ఫ్లోర్ వాళ్ళకు ట్రైనింగ్ కన్సల్టెంట్లే ఇస్తారా?

జవాబు: వాళ్ళు కోర్ యూజర్లకు నేర్పుతారు, కోర్ యూజర్లు తక్కినవాళ్ళకు. మెషీన్ పక్కన అతికించే ఒక పేజీ కాగితం తమిళంలో ఉండాలి, ఉత్తరాది కార్మికులున్న షిఫ్టుకు హిందీలో. నైట్ షిఫ్ట్ వాళ్ళకు ట్రైనింగ్ రాత్రే పెట్టండి. డ్యూటీ దిగాక పొద్దున తొమ్మిదింటికి కూర్చోబెడితే నిద్రపోతారు.