పేరు ఒకటే, ఉప్పు వేరు: విదేశాల్లో ఫాస్ట్‌ఫుడ్ పోషక లెక్కలు

హైదరాబాదులోనో విజయవాడలోనో తిని అలవాటైన కంపెనీ తిండే కాబట్టి అక్కడి క్యాలరీలు, ఉప్పు, కొవ్వు లెక్కలే అమెరికాలోనూ వర్తిస్తాయా అని కొత్తగా వచ్చిన విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. వర్తించవు. బోర్డు మీద పేరు ఒకటే అయినా నూనె, పిండి, మసాలా, గ్లాసు పరిమాణం ఆయా దేశాల సరఫరాదారులనూ, చట్టాలనూ, జనం అలవాట్లనూ బట్టి మారిపోతాయి.

ఉప్పు విషయంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. అమెరికా, బ్రిటన్ సహా ఆరు దేశాల్లో ఆరు పెద్ద ఫాస్ట్‌ఫుడ్ సంస్థలు స్వయంగా ప్రకటించిన అంకెలను పోల్చిన ఒక అధ్యయనం 2012లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ చికెన్ మెక్‌నగెట్స్‌లో 100 గ్రాములకు బ్రిటన్‌లో 0.6 గ్రాముల ఉప్పు ఉండగా, అమెరికాలో 1.6 గ్రాములు ఉన్నట్లు అందులో తేలింది. ఆ అంకెలు 2010 నాటివి కనుక ఈనాటి లెక్కకు వాటినే పట్టుకోకూడదు. అయినా ఉప్పు తగ్గిస్తే ఆ పదార్థం తయారు చేయడం కుదరదనే కంపెనీల వాదన నిలవదని మాత్రం అవి చెప్పకనే చెబుతున్నాయి.

ఇక్కడే మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. బ్రిటన్, ఐరోపా లేబుళ్ల మీద ఉప్పును గ్రాముల్లో రాస్తారు; అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో సోడియంను మిల్లీగ్రాముల్లో రాస్తారు. సోడియంను రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. అంటే అమెరికా లేబుల్ మీద 640 మిల్లీగ్రాముల సోడియం కనిపిస్తే, అది 1.6 గ్రాముల ఉప్పన్నమాట. పెద్దవాళ్లు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పుతో సరిపెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది కాబట్టి, ఇంట్లో పచ్చడీ, అప్పడం మానలేని మనలాంటివాళ్లకు ఈ హెచ్చవేత ఎంతో అవసరం.

శీతల పానీయాల్లో చక్కెర తేడా ఇంకా ఎక్కువ. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, ఆపైన చక్కెర కలిపిన పానీయాల మీద బ్రిటన్ 2018 ఏప్రిల్ నుంచి పన్ను వేయడంతో చాలా కంపెనీలు ఆ గీతకు దిగువకు వచ్చేశాయి. అక్కడి ఫాంటా ఆరెంజ్‌లో 100 మిల్లీలీటర్లకు చక్కెర 5 గ్రాముల లోపే ఉంటే, అమెరికాలో అదే పేరుతో దొరికే దానిలో సుమారు 12 గ్రాములు ఉంటుంది. దీనికి గ్లాసు కూడా తోడవుతుంది. అమెరికాలో చాలా చోట్ల ‘స్మాల్’ అంటే 16 ఔన్సులు, అంటే సుమారు 470 మిల్లీలీటర్లు; బ్రిటన్‌లో ‘మీడియం’ గ్లాసు కూడా అంత ఉండదు. అందులో సగం ఐసే కదా అనుకుంటారేమో, చాలా దుకాణాల్లో ఎన్నిసార్లయినా ఉచితంగా నింపుకోనిస్తారు.

గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వుల సంగతి కొంత నయం. 2003లోనే పరిమితి విధించిన డెన్మార్క్‌లో నగెట్స్, ఫ్రైస్ కలిపిన భోజనంలో 1 గ్రాముకు తక్కువ ఉన్న రోజుల్లో, న్యూయార్క్‌లో అదే భోజనంలో సుమారు 10 గ్రాములు ఉండేవి. ఈ కొవ్వులకు ముఖ్య మూలమైన, పాక్షికంగా హైడ్రోజనీకరించిన (వనస్పతి లాంటి) నూనెలపై అమెరికా నిషేధం 2018లో అమల్లోకి వచ్చింది; మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదనే పరిమితి 2022 జనవరి నుంచి ఉంది.

శాకాహారులు ఒక విషయం ప్రత్యేకంగా గమనించాలి. ఇండియాలో, బ్రిటన్‌లో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ శాకాహారమే. అమెరికాలో మాత్రం కంపెనీ ప్రకటించే పదార్థాల జాబితాలో ‘నేచురల్ బీఫ్ ఫ్లేవర్’ ఉంటుంది. దానిలో గోధుమ, పాల ఉత్పన్నాలు ఉన్నాయని కూడా రాస్తారు కనుక, వాటి ఎలర్జీ ఉన్నవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

లెక్కలు చూడాలనుకుంటే మీరున్న దేశానికి కంపెనీ నడిపే సైటే చూడండి. ఫోన్‌లోని క్యాలరీ యాప్‌లలో వెతికితే చాలాసార్లు అమెరికా అంకెలే ముందు వస్తాయి, మాంచెస్టర్‌లో ఉన్నవారికి అవి పనికిరావు. అమెరికాలో 20 లేదా అంతకు మించి శాఖలున్న సంస్థలు 2018 మే నుంచి, ఇంగ్లండ్‌లో 250 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు 2022 ఏప్రిల్ నుంచి మెనూ మీదే క్యాలరీలు చూపించాలి. ఆస్ట్రేలియాలో కిలోజౌళ్లు కనిపిస్తాయి, వాటిని 4.2తో భాగిస్తే మనకు అలవాటైన క్యాలరీలు వస్తాయి.

నగెట్స్‌లో ఉప్పు ముందే పూతలో కలిసి ఉంటుంది కాబట్టి కౌంటర్ దగ్గర అడిగినా లాభం ఉండదు. ఫ్రైస్ మీద మాత్రం నూనెలోంచి తీశాకే చల్లుతారు కాబట్టి, ఉప్పు వద్దని అడిగితే రెండు నిమిషాలు ఆగమని మరో వాయి వేసి ఇస్తారు.